ఓబీడీ డాంగిల్ ఉంటే మెకానిక్ అక్కర్లేదా? నేను ఒప్పుకోను

డాంగిల్ రివ్యూ ఏది చూసినా "ఇది ప్లగ్ చేస్తే మీ ఫోనే మెకానిక్" అంటారు. నేనూ అలాగే నమ్మాను. బండి ఓవర్‌హీట్ అయిన రోజు ఆ నమ్మకం మా నాన్న ఇంజిన్‌ని దాదాపు తినేసింది.

మే నెల, విజయవాడ హైవే, సూర్యాపేట దాటాం. హోల్డర్‌లో ఫోన్, యాప్‌లో కూలెంట్ టెంపరేచర్ లైవ్. 98, 104, 111... టక్కున 82. "చూశావా నాన్నా, ఫ్యాన్ ఆన్ అయింది, చల్లబడింది" అన్నాను. ఆయన "ఏదో కాలిన వాసన వస్తోందిరా, ఆపు" అన్నారు. నేను ఇంకో రెండు కిలోమీటర్లు తోలాను. బానెట్ లోంచి ఆవిరి వచ్చాక ఆపాను. హోస్ పగిలి కూలెంట్ మొత్తం రోడ్డు మీద పోయింది.

మరి 82 ఏంటి? ఆ సెన్సర్ కొలిచేది ఇంజిన్ వేడిని కాదు, తనని తాకుతున్న కూలెంట్ వేడిని. కూలెంట్ పోయాక అది గాల్లో వేలాడుతుంది, తక్కువ చూపించొచ్చు. వేడి పెరుగుతూ పెరుగుతూ సడన్‌గా పడిపోతే సంతోషపడకండి. పక్కకి తీసి ఆఫ్ చేయండి. రేడియేటర్ మూత వేడి మీద తెరవొద్దు, చన్నీళ్లు కొట్టొద్దు.

హోస్ మార్చాక బండి స్టార్ట్ అయింది కానీ వణుకుతోంది. స్కాన్ చేస్తే పీ0302, పీ0303. అంటే రెండు, మూడు సిలిండర్లలో మిస్‌ఫైర్. యాప్ ఇచ్చిన సలహా: ప్లగ్‌లు, కాయిల్స్ చూడు. రెండు కాయిల్స్ కార్ట్‌లో పెట్టేశాను కూడా. షెడ్డులో అన్న అయితే డైరెక్ట్‌గా "ఇంజిన్ దింపాలి, ఫుల్ ఓవర్‌హాల్, 50 వేలు అనుకో" అన్నాడు.

నా దృష్టిలో ఇద్దరిదీ ఒకటే తప్పు. కొలవకుండా తీర్పు చెప్పడం. మనం కోడ్‌లో ఎర్రర్ మెసేజ్ చూసి ఆ లైన్ మార్చేయం కదా (సరే, కొన్నిసార్లు మారుస్తాం).

గొడవపడి కంప్రెషన్ టెస్ట్ చేయించాను. ప్లగ్‌లు తీసి గేజ్ బిగించి ఇంజిన్ తిప్పడమే, గంట పని. ఒకటికి 170 పీఎస్‌ఐ, నాలుగుకి 165. రెండుకి 105, మూడుకి 100. ఇలా పక్కపక్క సిలిండర్లు రెండూ కలిసి పడిపోయాయంటే మొదటి అనుమానం వాటి మధ్య హెడ్ గ్యాస్కెట్ మీదే. ప్రెషర్ ఎటు పోతోందో పక్కాగా తెలియాలంటే లీక్‌డౌన్ టెస్ట్ ఉంది. సిలిండర్‌లోకి గాలి పంపితే పక్క ప్లగ్ రంధ్రంలోంచి బుస్సుమంది. ఆయిల్ మూత దగ్గర గాలి తన్నలేదు కాబట్టి రింగులు బాగానే ఉన్నట్టు. రేడియేటర్‌లో బుడగలు వచ్చి ఉంటే కథ వేరేగా ఉండేది.

హెడ్ విప్పి స్ట్రెయిట్ ఎడ్జ్ పెట్టి చూస్తే కొంచెం వంగింది. లేత్ షాపులో ఫేసింగ్ కొట్టించి కొత్త గ్యాస్కెట్, కొత్త బోల్టులు వేశారు. అంతా కలిపి 16 వేలు. ఇంజిన్ దింపనే లేదు.

ఇంకో మాట. ఆయిల్ మూత కింద తెల్లటి మీగడ కనిపిస్తే చాలామంది గ్యాస్కెట్ పోయిందని తేల్చేస్తారు. వానాకాలంలో చిన్న చిన్న ట్రిప్పులు తిరిగే బండికి ఉత్త తేమతో కూడా అది వస్తుంది. డిప్‌స్టిక్ మీద కూడా పాలు కలిసినట్టుంటే అప్పుడు సీరియస్. రేడియేటర్ మీద పెట్టే నీలం లిక్విడ్ టెస్ట్ కూడా చవకే. దహన వాయువు తగిలితే పెట్రోల్ బండికి పసుపు రంగుకి మారుతుంది. కాకపోతే మా బండిలా లీకు సిలిండర్ల మధ్యే ఉంటే అది నీలంగానే ఉండిపోతుంది.

డాంగిల్ పారేయమని కాదు. ఏ సిలిండరో చెప్పింది అదే, నాది ఇప్పటికీ బండిలోనే ఉంది. కానీ 5 స్టార్లు ఇచ్చే ముందు రివ్యూలో ఒక్క లైన్ రాయండి: ఇది ఎక్కడో చెప్తుంది, ఎందుకో చెప్పదు. నాన్న మాత్రం ఇప్పుడు హైవే ఎక్కితే ఫోన్ తీసి డాష్‌బోర్డ్‌లో పెట్టేస్తున్నారు.