ప్రయోగశాల మన గడ్డ మీదిదే, ఫలితం మన బజారుకు రావాలె

తార్నాక నుంచి హబ్సిగూడకు పోయే తొవ్వలో ఐఐసీటీ, అంటే భారతీయ రసాయన సాంకేతిక సంస్థ ఉన్నది. ఇది ఢిల్లీ దయతో వచ్చిందనుకునేవాళ్లు ఇంకా ఉన్నారు. చరిత్ర అట్లా లేదు. 1944లో హైదరాబాద్ రాజ్యం నెలకొల్పిన కేంద్ర శాస్త్ర, పారిశ్రామిక పరిశోధనశాలలే దీనికి మూలం. 1956లో అది సీఎస్ఐఆర్ చేతికి పోయింది. 1989లో ఐఐసీటీ అయింది. మన రాష్ట్రాన్ని ఆంధ్రలో కలిపిందీ 1956లోనే. హైదరాబాద్‌ను మేమే కట్టామని చెప్పుకున్న పెద్దమనుషులు ఈ తేదీలు ఒకసారి చదువుకోవాలె.

అయితే పునాది మనదని మురిసిపోతే కడుపు నిండదు. లోపల పుట్టిన జ్ఞానం ఎవరికి అందుతున్నది? అసలు ప్రశ్న ఇదే. దీనికి సికింద్రాబాద్‌లోనే ఒక మంచి జవాబు దొరికింది.

బోయినపల్లి కూరగాయల మార్కెట్‌లో అమ్ముడుపోనిది, కుళ్లినది కలిసి రోజుకు దాదాపు పది టన్నుల చెత్త పోగయ్యేది. ఐఐసీటీ శాస్త్రవేత్తల పరిజ్ఞానంతో అక్కడ బయోగ్యాస్ ప్లాంటు పెట్టారు. కేంద్ర బయోటెక్నాలజీ శాఖ, రాష్ట్ర మార్కెటింగ్ శాఖ నిధులిచ్చాయి. చెత్తను ముక్కలు చేసి, రుబ్బి, ట్యాంకులోకి పంపుతారు. గాలి తగలని ఆ ట్యాంకులో సూక్ష్మజీవులు దాన్ని తిని మీథేన్ గ్యాస్ పుట్టిస్తాయి. ఆ గ్యాస్‌తో జనరేటర్ నడిస్తే కరెంటు. మిగిలిన మడ్డి చేనుకు ఎరువు. 2021 నాటి లెక్క ప్రకారం రోజుకు సుమారు 500 యూనిట్ల కరెంటు, 30 కిలోల గ్యాస్ వచ్చాయి. ఆ కరెంటుతో మార్కెట్ దీపాలు వెలిగాయి, గ్యాస్‌తో క్యాంటీన్ పొయ్యి మండింది. 2021 జనవరి 31న ప్రధాని కూడా రేడియో ప్రసంగంలో దీన్ని ప్రస్తావించారు.

ఇక నాణేనికి రెండో వైపు చూద్దాం. తార్నాకకు ఇరవై కిలోమీటర్లు కూడా లేని జవహర్‌నగర్‌లో నగరం చెత్త ఏండ్ల తరబడి గుట్టలుగా పడ్డది. ఆ మురుగు రసం భూమిలోకి దిగింది. బోరు నీళ్లు చెడ్డాయి, మల్కారం చెరువు చెడ్డది. పట్నం తిని పారేసిన దానికి ఊరు శిక్ష అనుభవించింది. 2020లో అక్కడ చెత్తను కాల్చి కరెంటు తీసే ప్లాంటు మొదలైంది. కానీ కుళ్లిన కూరగాయలో ఉండేది ఎక్కువగా నీళ్లే. దాన్ని లారీల్లో మోసుకపోయి మంటల్లో వేయడం ఏం తెలివి? గుట్టల్లోనే కుళ్లనిస్తే వచ్చే మీథేన్, కార్బన్ డయాక్సైడ్ కంటే పాతిక రెట్లకు పైగా భూమిని వేడెక్కిస్తది. అదే మీథేన్‌ను ట్యాంకులో పట్టుకుంటే దీపమైతది.

ల్యాబుల పని పరిశోధన, చెత్త ఎత్తుడు మున్సిపాలిటీ పని అని కొందరంటారు. నిజమే, శాస్త్రవేత్త రోజూ వచ్చి ప్లాంటు నడపలేడు. తడి చెత్తలో ప్లాస్టిక్ కలిస్తే యంత్రం మొరాయిస్తది. వేరుచేసే చేతులు కావాలె, నడిపే చదువు కావాలె. ఐటీఐ, పాలిటెక్నిక్, బీఎస్సీ చదివిన మన పిల్లలకు ఇక్కడ పని లేదా? నీళ్లు, నిధులు, నియామకాలు అని కొట్లాడినోళ్లం మనం. చెడకుండా మిగిలే భూగర్భ జలం నీళ్లు. తగ్గే కరెంటు బిల్లు నిధులు. ప్లాంటు నడిపే కొలువు నియామకం. మూడూ ఒక్కచోటనే ఉన్నాయి.

అందుకే మేము అడుగుతున్నాం. ప్రతి పెద్ద మార్కెట్ యార్డులో, ప్రతి పెద్ద హాస్టల్ మెస్సులో తడి చెత్తకు అక్కడికక్కడే ప్లాంటు పెట్టాలె. కొబ్బరికాయ కొట్టి వదిలెయ్యకుండా, ఎన్ని టన్నులు పోశారు, ఎన్ని యూనిట్లు వచ్చాయన్నది గేటు ముందు బోర్డు మీద రోజూ రాయాలె. నడిపే కొలువులు స్థానిక యువతకే ఇవ్వాలె. చెత్త వేరుచేసే కార్మికులకు గ్లౌజులు, సరైన జీతం ఇవ్వాలె.

ఐఐసీటీకి కూతవేటు దూరంలోనే ఉస్మానియా ఉన్నది. విద్యార్థులారా, ఆ గేటు తట్టండి, మీ మెస్సు చెత్త లెక్క అడగండి. ఉద్యోగులారా, మీ ఆఫీసు క్యాంటీన్ నుంచే మొదలుపెట్టండి. 2014 జూన్ 2న రాష్ట్రం వచ్చింది, అది అడిగితేనే వచ్చింది. సైన్సు కూడా అడిగినోళ్ల గడపకే వస్తది.

జై తెలంగాణ!