ఐదో తరగతి దాకా ఆగితే ఆలస్యమే

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ 2016 అక్టోబర్ 11న జిల్లాలయ్యాయి. అదే ఏడాది మైనారిటీ గురుకులాలూ మొదలయ్యాయి. వాటిని మనం స్వాగతించాం, స్వాగతించవలసిందే. కానీ గురుకులం తలుపు తెరుచుకునేది ఐదో తరగతిలో. వినికిడి లోపమో, మాట రావడంలో జాప్యమో గుర్తించవలసిన వయసు అంతకు ఎన్నో ఏళ్ల ముందే దాటిపోతుంది.

పసితనంలో పెట్టిన శ్రద్ధ తరువాత ప్రత్యేక విద్య అవసరాన్ని తగ్గిస్తుందనడానికి రుజువులున్నాయి. అమెరికాలోని ఉత్తర కరోలినాలో 1972లో మొదలైన అబెసెడేరియన్ అధ్యయనం పేద కుటుంబాల 111 మంది శిశువులను ఎంచుకుంది. పదిహేనేళ్లు వచ్చేసరికి, మంచి శిశు విద్య అందినవారిలో దాదాపు నాలుగో వంతు మందికే ప్రత్యేక విద్య అవసరమైంది. అందనివారిలో దాదాపు సగం మందికి. పుట్టుకతో వచ్చిన వైకల్యాన్ని అంగన్‌వాడీ మాన్పలేదు. లేని లోపాన్ని అంటగట్టకుండా, ఉన్న లోపం ముదరకుండా మాత్రం కాపాడగలదు.

మన పిల్లలకు ప్రమాదం రెండు వైపులా ఉంది. ఇంట్లో ఉర్దూ మాట్లాడే బిడ్డ తెలుగు మాత్రమే తెలిసిన టీచర్ ముందు నోరు విప్పకపోతే ‘మందబుద్ధి’ అన్న ముద్ర పడుతుంది. నిజంగా చెవులు వినపడని బిడ్డ పలకకపోతే ‘సాయిబుల పిల్ల, తెలుగు రాదులే’ అని వదిలేస్తారు. ఇక వలస కుటుంబాల పిల్లలు వైద్య బృందం వచ్చిన రోజున ఊళ్లోనే ఉండరు.

చట్టాలకు కొరత లేదు. 2016 వికలాంగుల హక్కుల చట్టం 25వ సెక్షన్ పిల్లలందరినీ ఏటా కనీసం ఒకసారి పరీక్షించమంటోంది. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం ప్రకారం వైద్య బృందాలు అంగన్‌వాడీలకు ఏటా రెండుసార్లు వెళ్లాలి. ఉర్దూ 2017 నుంచి రాష్ట్రమంతటా రెండో అధికార భాష. మూడేళ్ల బిడ్డను పరీక్షించే చోట వినిపించని భాషకు ఆ హోదా ఎందుకు?

కనుక మూడు జిల్లాల కలెక్టర్లను మనం అడగవలసినవి ఇవి: ఉర్దూ కుటుంబాలున్న వాడల అంగన్‌వాడీల్లో ఉర్దూ తెలిసిన టీచర్ గానీ ఆయా గానీ ఉండాలి. పరీక్ష బిడ్డ ఇంటి భాషలో జరగాలి. లోపం గుర్తించిన పిల్లల్లో ఎందరికి చికిత్స, వినికిడి యంత్రం, ధ్రువపత్రం అందాయో ఏటా వెల్లడించాలి.

ప్రభుత్వాన్ని నిలదీసే మనం మన ఇళ్లనూ చక్కదిద్దుకోవాలి. నలుగురికి తెలిస్తే అక్క పెళ్లి ఆగుతుందని తమ్ముణ్ణి దాచడం, తాయెత్తు కట్టి ఏళ్లు గడపడం ఇస్లాం నేర్పినవి కావు. అంధుడైన అబ్దుల్లా ఇబ్ను ఉమ్మె మక్తూమ్ (రజి) సందర్భంగానే ‘అబస’ సూరా అవతరించింది. దైవప్రవక్త (స) ఆయనకు మదీనాలో అజాన్ బాధ్యత అప్పగించారు. వైద్య బృందం వచ్చే రోజును జుమా నాడు మస్జిద్‌లో ప్రకటించడానికి ఏ కలెక్టరు అనుమతీ అక్కరలేదు. ఆ పని ఈ శుక్రవారమే మొదలుపెడదాం.