ఓడిన మర్నాడు ఏం చేయాలి?

ఇంటర్వ్యూలో రిజెక్ట్ అయ్యారా? అయితే బ్రిటన్ హెవీవెయిట్ బాక్సర్ డేనియల్ డుబువా కెరీర్‌ను ఒకసారి చూడండి. వరసగా 15 బౌట్లు గెలిచిన ఈ కుర్రాడు 2020 నవంబరులో, 23 ఏళ్లకు, జో జాయిస్ చేతిలో తొలిసారి ఓడాడు. ఎడమ కంటి చుట్టూ ఎముక విరిగి, పదో రౌండ్‌లో మోకాలిపై కూర్చుండిపోయాడు. ‘భయపడి వదిలేశాడు’ అని కొందరు మాజీ బాక్సర్లే విమర్శించారు.

వాళ్లకు జవాబు చెప్పాలని డుబువా తొందరపడి జాయిస్‌తోనే మళ్లీ తలపడలేదు. ముందు గాయం మాన్పుకున్నాడు. కోచ్‌ను మార్చాడు. 2021 జూన్‌లో అంత గట్టివాడు కాని బోగ్దాన్ దీనుతో మొదలుపెట్టి రెండో రౌండ్‌లోనే గెలిచాడు. 2023లో ఉసిక్ చేతిలో ఓడినా మళ్లీ మెట్టు మెట్టుగా ఎక్కి, 2024 సెప్టెంబరులో వెంబ్లీలో ఆంథోనీ జాషువాను నాకౌట్ చేశాడు. 2025లో ఉసిక్ మళ్లీ ఓడించాడు. అంటే ఈ పని ఒక్కసారితో అయిపోయేది కాదు.

మీరూ అంతే. రిజెక్ట్ అయిన మర్నాడే అదే రెజ్యూమెను ఇంకో యాభై కంపెనీలకు పంపకండి. దెబ్బ ఎక్కడ తగిలింది? ఆప్టిట్యూడా, కోడింగా, ఇంగ్లిషా? ముందు అది తేల్చుకోండి. తప్పులు మొహం మీదే చెప్పే సీనియర్‌ను పట్టుకోండి. చిన్న కంపెనీలో ఇంటర్న్‌షిప్ వస్తే నామోషీ అనుకోకండి. తిరిగి నిలబడటానికి అదే మీ తొలి బౌట్.