పెరటి ముచ్చట్లు: తొట్టిలోని పేరులేని మొక్క

ఇబ్రహీంపట్నం నుంచి ఒక సోదరి జాబు రాసి, దానితోబాటు నాలుగు ఫోటోలు పంపారు. వాళ్ళింట్లో పూర్వం పశువులకు కుడితి పోసిన రాతితొట్టి వున్నదట. పశువులు పోయినాయి, తొట్టి మిగిలింది. అందులో గులకరాళ్ళూ కొండరాళ్ళూ పేర్చి, సందుల్లో చిన్న చిన్న మొక్కలు నాటారు. చూడముచ్చటగా వున్నది. అన్నిటికీ పేర్ల చీటీలున్నవి, ఒక్కదానికి తప్ప. అమ్మినవాడు మాత్రం, "ఇది ఆల్ప్స్ పర్వతాల మొక్కండీ, దొరకటం కష్టం" అని మంచి ధరే పుచ్చుకున్నాడట.

ఇంతవరకూ వేడుకే. కాని అనంతపురం వైపు పుట్టి పెరిగిన వారి అత్తగారు దాన్ని చూసి, "ఆల్ప్సూ లేదు, గీల్ప్సూ లేదు. ఇవి కుందేటి కొమ్ములు. చిన్నప్పుడు పచ్చడి చేసుకు తినేవాళ్ళం" అన్నారట. అని వూరుకోలేదు, తుంచటానికి చెయ్యి చాచారు. కోడలు అడ్డుపడ్డది. "ఆవిడ మాట మీద వండమంటారా? ఇంట్లో నాలుగేళ్ళ పిల్లవాడున్నాడు" అని ప్రశ్న.

ముందు ఆల్ప్స్ సంగతి తేల్చేద్దాం. ఆ కొండల మీది మొక్కలు ఏడాదిలో సగం మంచుకింద నిద్రపోతవి. వేసవిలోనైనా రాత్రిళ్ళు చలి లేకపోతే బతకవు. రోహిణికార్తెలో రోళ్ళు పగిలే బెజవాడ ప్రాంతంలో అటువంటిది రెండు వేసవులు దాటిందంటే, అది ఆ దేశపు మొక్క కాదన్నమాటే. ఇంగ్లండులో పాత రాతితొట్లలో కొండమొక్కలు పెంచటం ఒక సరదా. ఆ సరదా మనదాకా వచ్చింది, మొక్క మాత్రం రాలేదు.

ఇక ఫోటోలు. ఆకులు లేవు. వేలి లావున నాలుగు పలకల కాడలు, అంచుల వెంట మెత్తని పళ్ళు, చివరలకు పోనుపోను సన్నబడటం. ముళ్ళు లేవు. అత్తగారు చెప్పిన మొక్కకు ఇవన్నీ సరిపోతవి. కాని ఇంతమాత్రం చేత పచ్చడిబండ కడగటానికి వీల్లేదు.

బొమ్మజెముడు లేతకొమ్మలూ పలకలుగానే వుంటవి. గుచ్చితే తెల్లని పాలు కారుతవి. ఆ పాలు కంట్లో పడితే చాలా ప్రమాదం. అందుచేత ముందు ఒక గుండుసూదితో కాడను గుచ్చి చూడండి (పిల్లవాణ్ణి దూరంగా వుంచండి, తరువాత చేతులు కడుక్కోండి). తెల్లపాలు వస్తే ఇక మాటే లేదు, వంటింటి గడప తొక్కనివ్వకండి. కుందేటి కొమ్ములకు వచ్చేది నీరులాంటి రసం. జిల్లేడుకు చుట్టమైనా దీనికి పాలు లేవు.

పాలు రాలేదనుకోండి. అప్పుడైనా చిక్కు తీరదు. అలంకారానికి అమ్మే ఆఫ్రికా దేశపు స్టెపీలియాలు వున్నవి. వాటికీ ఆకులుండవు, ముళ్ళుండవు, పాలుండవు, కాడలు నాలుగు పలకలే. ఇక్కడ పువ్వు ఒక్కటే సాక్ష్యం. స్టెపీలియా పువ్వు తరచుగా కాడ మొదట్లో పూస్తుంది. నక్షత్రంలా పెద్దది, కుళ్ళిన మాంసపు కంపు. మనదాని పూలు చిన్నవి, సన్నబడిన కొమ్మల చివరల వేలాడుతవి. ఆపైన రెండేసి కొమ్ముల్లాగా కాయలు లేస్తవి. కుందేటి కొమ్మంటే లోకంలో లేని వస్తువు గదా! లేనిదాని పేరు తెచ్చి వున్న మొక్కకు పెట్టినవాడెవడో గాని రసికుడే.

ఈ మొక్కకు ఇంకో పేరున్నది. విలియం రాక్స్‌బర్గ్ అనే స్కాట్లండు వైద్యుడు 1780ల్లో సామర్లకోటలో వుండి తోట వేసి, మన చిత్రకారులచేత మొక్కల బొమ్మలు గీయించాడు. ఆ బొమ్మల గ్రంథం, కోరమాండల్ తీరపు మొక్కలన్నది, 1795 నుంచి లండనులో అచ్చవుతూ వచ్చింది. అందులో ఈ మొక్కను కూడా స్టెపీలియాల్లోనే చేర్చి, తెలుగువాళ్ళు దీన్ని "కారల్లం" అంటారని రాశాడు. తరువాత 1810 ప్రాంతంలో రాబర్ట్ బ్రౌన్ అనే శాస్త్రజ్ఞుడు దీన్ని వేరే జాతిగా విడదీసి, దానికి "కారల్లుమా" అని పేరు పెట్టాడు. ఇది అరబ్బీ మాట అని వాదించేవారూ లేకపోలేదు. రాక్స్‌బర్గ్ తెలుగుమాటను అచ్చులో పెట్టి వుండగా అరేబియా దాకా పోవటం దేనికో నాకు బోధపడదు. ఆల్ప్స్ మొక్క అని అమ్మింది అదే అయితే, చీటీ మీద రాయవలసిన లాటిను పేరు తెలుగుమాటేనన్నమాట!

ఇప్పుడు దీని సారాన్ని ఒళ్ళు తగ్గే మాత్రలని అమ్ముతున్నారు. 2007లో వెలువడిన ఒక బెంగుళూరు పరిశోధనలో 50 మంది పాల్గొన్నారు. 60 రోజుల్లో మందు పుచ్చుకున్నవారికి ఆకలీ, నడుము చుట్టుకొలతా తగ్గినవి గాని, బరువులో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. పచ్చడిగా తినటం వేరు, మాత్రగా మింగటం వేరు.

సోదరికి నా సలహా: అత్తగారి మాట నిజమయ్యేటట్టే వున్నది. అయినా పువ్వు చూసేదాకా ఆగమనండి. పూయగానే పువ్వునూ, కొమ్మ చివరనూ దగ్గరగా ఫోటో తీసి, విజయవాడలో వృక్షశాస్త్రం చెప్పే అధ్యాపకులెవరికైనా చూపించండి. వారు సరేనన్నా ఈ మొక్కను కొయ్యకండి, అమ్మినచోట ఏ పురుగుమందు కొట్టారో! ఒక కొమ్మ తుంచి, నాలుగురోజులు నీడన ఆరబెట్టి, ఇసుక కలిపిన మట్టిలో గుచ్చండి. దానికి కొత్తగా వచ్చిన చిగుళ్ళు అత్తగారివి. మొదటిసారి ఆవిడకూడా కొంచెమే తినాలి, పిల్లవాడికి వద్దు.

నీళ్ళు రోజూ పోస్తున్నామని రాశారు. వెంటనే మానండి. మట్టి పూర్తిగా ఎండినాకే పొయ్యాలి, వానాకాలంలో అసలే వద్దు. తొట్టి అడుగున బెజ్జం లేకపోతే రాతిపనివాణ్ణి పిలిచి ఒకటి తొలిపించండి. లేకపోతే పువ్వు పూసేలోపే కాడలు కుళ్ళిపోతవి.