బాకీ రద్దయింది, మనిషిని వదలండి

ఎర్రపాడు దేశ్‌ముఖ్ జన్నారెడ్డి ప్రతాపరెడ్డికి లక్షన్నర ఎకరాలుండేవని సూర్యాపేట ప్రాంతంలో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆనాటి దొరల సేద్యం నడిచింది వెట్టితో, భగేలాతో. పెళ్లికో, కరువులో గింజలకో అప్పు చేసినవాడు ఆ రోజు నుంచి దొరకు భగేలా. వేలిముద్ర వాడిది, లెక్క దొరది. ఏడాదంతా దున్నినా వడ్డీయే తీరేది కాదు. తండ్రి పోతే అదే నాగలి కొడుకు పట్టేవాడు. దానికి తోడు కులానికో వెట్టి. చాకలి, మంగలి, కుమ్మరి, మాల, మాదిగ, ఎవరికీ మినహాయింపు లేదు. దొర బిడ్డ అత్తారింటికి పోతుంటే పేదింటి ఆడపిల్లను ఆడబాపగా వెంట పంపేవారు. ఆ పిల్ల బతుకు ఏమయ్యిందో అడిగే దిక్కు ఉండేది కాదు. సంతలో పెట్టి అమ్మలేదు కనుక ఇది బానిసత్వం కాదన్న వాదనను మేం ఒప్పుకోం. పారిపోయినవాణ్ని పట్టి తెచ్చే బలం యజమానికి ఉన్నచోట మరో పేరు అక్కర్లేదు.

భగేలా ఒప్పందాలను అదుపు చేయడానికి నిజాం ప్రభుత్వం 1936లోనే చట్టం చేసింది. దాన్ని అమలు చేయాల్సిన పటేలు, పట్వారీలు దొరల మనుషులే. అందుకే దొర కోట అయిన గడీ గేటు దగ్గరే ఆ చట్టం ఆగిపోయింది. వెట్టి నిజంగా ఆగింది 1940లలో, ఆంధ్రమహాసభ సంఘం పల్లెపల్లెకూ చేరి, ‘చేయం’ అని ఊరంతా ఒక్కమాట మీద నిలబడినప్పుడే. సూర్యాపేట, హుజూర్‌నగర్, మిర్యాలగూడ తాలూకాలు దానికి నెత్తురుతో వెల కట్టాయి.

స్వతంత్ర భారతంలో రాజ్యాంగం 23వ అధికరణం వెట్టిని నిషేధించింది. 1975 అక్టోబరులో వచ్చిన ఆర్డినెన్సు, మరుసటి ఏడాది చట్టం వెట్టిచాకిరి బాకీలన్నిటినీ రద్దు చేశాయి. అయినా ఒడిశాలోని బలంగీర్, నువాపడా నుంచి పిల్లాపాపలతో తెలంగాణ ఇటుక బట్టీలకు వచ్చే కుటుంబాలను అడ్వాన్సే కట్టిపడేస్తోంది. కూలీలను కుదిర్చే సర్దార్ ఇచ్చిన డబ్బు తీరేదాకా కదలడానికి లేదంటే, అది భగేలాయే.

సూర్యాపేట, నల్లగొండ కలెక్టర్లు తమ అధికారాన్ని వాడాలి. కోదాడ, మిర్యాలగూడ చుట్టుపక్కల బట్టీలను సీజన్ మొదట్లోనే తనిఖీ చేయాలి. ఒడియా తెలిసినవారిని వెంట తీసుకెళ్లి, యజమానిని దూరంగా నిలబెట్టి కూలీలతో మాట్లాడాలి. ఆ అడ్వాన్సు వెట్టి బాకీ కాదని రుజువు చేసుకోవాల్సింది అప్పిచ్చినవాడేనని చట్టంలోనే ఉంది. కూలీని సాక్ష్యం తెమ్మనడం మానాలి. వెట్టి అని తేలిన రోజే విముక్తి పత్రం చేతికివ్వాలి. లక్ష నుంచి 3 లక్షల దాకా ఇచ్చే పునరావాస సాయాన్ని యజమానికి శిక్ష పడటంతో ముడిపెట్టిన నిబంధనను కేంద్రం ఎత్తేయాలి. కోర్టు తీర్పు వచ్చేలోగా ఆ కుటుంబం తిండి కోసం మళ్లీ అదే సర్దార్ దగ్గర అడ్వాన్సు తీసుకుంటుంది.