చెల్లించని బాకీ – చెదిరిపోయే కొలువు

స్టేషన్ ఘన్‌పూర్ పేరులోనే రైలు ఉన్నది. సికింద్రాబాదు–కాజీపేట మార్గంలోని ఈ ఊరి నుండి, చుట్టుపట్ల పల్లెల నుండి మన యువకులు బండి ఎక్కుతూనే ఉన్నారు. కొందరు నగరంతో ఆగుతారు, కొందరు గల్ఫ్ దాకా వెళతారు. మెరుగైన పని కొరకు వెళ్ళడం తప్పు కాదు. ఊరిలో పని దొరకక వెళ్ళవలసి రావడం మాత్రం వేరు సంగతి. దీనిని సరిదిద్దడం ప్రభుత్వం వంతని మనం చేతులు దులుపుకుంటున్నాము. అందులో మన ఇళ్ళకు కూడా వంతు ఉన్నదని ఈ మాసం మనవి చేయదలచాము.

కొలువు పోతే ఏమవుతుందో ఓరుగల్లు చూసింది. నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ పాలనలో 1934లో ఆయన పెద్ద కుమారుని పేరిట ఆజంజాహి మిల్లు వెలసింది. తరాల తరబడి ఎన్నో కుటుంబాలకు అన్నం పెట్టి, చివరకు జాతీయ జౌళి సంస్థ ఆధీనంలో ఉండగా 2002లో మూతపడింది. మిల్లు ఆగితే కార్మికుని జీతం ఒక్కటే ఆగదు. అతడు చాయ్ తాగే హోటలు, అతని పిల్లల బట్టలు కుట్టే దర్జీ, సరుకులిచ్చే కిరాణా కొట్టు – అన్నీ చిక్కిపోతాయి. ఈ ప్రాంతపు నేత కార్మికులు ఎందరో సూరత్, భివండీ దారి పట్టారు. 2017 అక్టోబరులో గీసుగొండ, సంగెం మండలాల నడుమ కాకతీయ మెగా జౌళి పార్కుకు శంకుస్థాపన జరిగినప్పుడు, అలా వెళ్ళినవారిని తిరిగి రప్పించడం ఒక ఆశయంగా చెప్పారు. చెదిరిన పనితనాన్ని మళ్ళీ కూడగట్టడం కన్నా ఉన్నదానిని నిలుపుకోవడమే సులువు కదా!

చట్టాలూ ఆ ప్రయత్నం చేశాయి. పరిశ్రమలలో 75 శాతం కొలువులు స్థానికులకే ఇవ్వాలని 2019లో ఆంధ్రప్రదేశ్ చట్టం చేసింది. తెలంగాణ ప్రభుత్వం 2020లో, స్థానికులకు ఎక్కువగా పని ఇచ్చే పరిశ్రమలకు అదనపు ప్రోత్సాహకాలు ఇవ్వాలని నిర్ణయించింది. అయితే చట్టం ఉన్న కొలువులను పంచగలదు గాని, కొనేవాడు లేనిచోట కొలువును పుట్టించలేదు. మన జనగామ జిల్లాలోని పెంబర్తి ఇత్తడి పని ఇందుకు సాక్షి. నిజాంల కాలంలో పాన్‌దాన్లు, అత్తరుదాన్లు కావాలని కోరినవారు ఉన్నారు గనుకనే ఆ చేతులకు పని దొరికింది. వరంగల్ కొత్తవాడలో నేటికీ మగ్గాలపై తివాచీలు నేస్తున్నారు. మస్జిద్‌కు జానమాజులు కొనేటప్పుడు మన కమిటీలు ముందుగా అక్కడ అడిగి చూస్తే ఎంత బాగుండును!

ఇక పెద్ద మిల్లులను విడిచి మన వీధిలోకి వద్దాము. ఇద్దరు కారీగర్లను పెట్టుకున్న దర్జీ, ముగ్గురికి పని నేర్పే వెల్డింగు షెడ్డు యజమాని, బేకరీ నడిపే సోదరుడు – పల్లెప్రాంతంలో పని ఇచ్చేవారు వీరే. వీరి దుకాణాలు చాలావరకు కొనేవారు లేక కాదు, ఉద్దెర వసూలు కాక చితికిపోతాయి. పెండ్లికి షేర్వాణీలు కుట్టిస్తాము, ‘తరువాత ఇస్తాము భాయ్’ అంటాము. వలీమా విందుకు లక్షలు ఖర్చవుతాయి. దర్జీ బాకీ మాత్రం మూడు నెలలు నిలిచిపోతుంది. అతడు కారీగరుకు కూలి ఇవ్వలేడు. కారీగరు హైదరాబాదు బండి ఎక్కుతాడు. మనం మాత్రం ఊరిలో పని లేదని వాపోతాము.

కూలివాని చెమట ఆరకముందే కూలి చెల్లించాలన్న ప్రవక్త (సఅసం) బోధను మనం యజమానికి వినిపిస్తాము. స్తోమత ఉండి బాకీ తీర్చక జాప్యం చేయడం అన్యాయమన్న హెచ్చరిక మాత్రం మన చెవిన పడదు. ఈ రెండూ ఒకే గొలుసులోని కడియాలు. మన జాప్యమే యజమాని జాప్యమై కూలివానిని తాకుతుంది.

యజమానికీ పనివానికీ ఖుర్ఆన్‌లోని మద్‌యన్ వృత్తాంతం చాలు. హజ్రత్ మూసా (అలైహిస్సలాం)ను పనికి పెట్టుకొమ్మని తండ్రితో చెప్పిన కుమార్తె రెండు గుణాలు పేర్కొన్నది: బలం, నమ్మకం. నేటి భాషలో చెప్పాలంటే పనితనం, నిజాయితీ. ఆ వృద్ధుడు కూడా గడువును స్పష్టంగా చెప్పి, కష్టపెట్టబోనని మాట ఇచ్చాడు. మన పిల్లలు పని నేర్వాలి, వేళకు రావాలి. యజమాని జీతం ముందే తేల్చి చెప్పాలి, పనివానిని మర్యాదతో చూడాలి.

స్థానికులకు పని అంటే బయటివారిపై ద్వేషం కాదు. 2020 మే మాసంలో, లాక్‌డౌన్ వేళ వలస కూలీలందరూ ఇళ్ళకు మళ్ళుతుండగా, బీహారులోని ఖగడియా నుండి హమాలీలు ప్రత్యేక రైలులో లింగంపల్లికి వచ్చారు. మన ధాన్యం మిల్లులకు వారి భుజాలు అవసరమైనాయి. గల్ఫ్‌లో మన బిడ్డకు ఏ ఆదరణ కోరుకుంటామో, ఇక్కడ పరాయి బిడ్డకు అదే ఇవ్వాలి.

ఈ మాసం ప్రతి ఇంటిలో ఒక్క పని చేయండి. ఊరి దుకాణాలలో మీ పేరిట ఉన్న ఉద్దెర లెక్క రాయించుకొని, వీలైనంత వెంటనే తీర్చండి. పూర్తిగా తీర్చలేనివారు స్వయంగా వెళ్ళి, ఎంత, ఎప్పుడు ఇవ్వగలరో చెప్పి రండి. అల్లాహ్ మన సంపాదనలో బర్కత్ ప్రసాదించుగాక! ఆమీన్.