పునుకుల నేర్పిన పాఠం కాలేజీలకు చేరేదెప్పుడు?

పత్తి చేలో పురుగు మందు కలిపే రైతు కొడుకు ఇంటర్మీడియట్‌లో రసాయన శాస్త్రం చదువుతున్నాడు. సమీకరణాలు తప్పు లేకుండా రాస్తాడు. కాని మందు డబ్బా మీది ఎర్ర గుర్తుకు అర్థమేమిటి, చల్లిన మందు ఎన్నాళ్లకు విరిగిపోతుంది, బావి నీటిలోకి దిగుతుందా అని తండ్రి అడిగితే జవాబు చెప్పలేడు. ఇందులో పిల్లవాని తప్పేమీ లేదు. ఆ పాఠం అతనికి ఎవరూ చెప్పలేదు.

విషాన్ని తయారుచేసి తర్వాత శుద్ధి చేయడం కంటే, అసలు విషం పుట్టకుండా చూడటం మేలన్నదే హరిత రసాయన శాస్త్రం. అమెరికా శాస్త్రజ్ఞులు పాల్ అనస్టాస్, జాన్ వార్నర్ 1998లో దీనికి 12 సూత్రాలు చెప్పారు. వాడిన పదార్థం పని ముగిశాక ప్రకృతిలో కలిసిపోవాలన్నది వాటిలో ఒకటి.

ఈ సూత్రం కోసం అమెరికా దాకా పోనక్కరలేదు. పాల్వంచ మండలం పునుకుల రైతులు దీన్ని చేలోనే చేసి చూపారు. పత్తి మీద మందులు చల్లీ చల్లీ అప్పుల పాలైన ఆ వూరు, ఒక స్వచ్ఛంద సంస్థ తోడ్పాటుతో వేప కషాయం, లింగాకర్షక బుట్టల వైపు మళ్లింది. 2003లో రసాయన పురుగు మందులు వాడని గ్రామంగా ప్రకటించుకుంది. తర్వాత ప్రభుత్వమే మహిళా సంఘాల ద్వారా ఈ పద్ధతిని ఇతర జిల్లాలకు విస్తరించింది.

5 కిలోల వేప పప్పు దంచి, రాత్రంతా నానబెట్టి, వడగట్టి, 100 లీటర్ల నీటిలో కలుపుతారు. కాస్త సబ్బు నీళ్లు చేర్చి సాయంత్రం పూట చల్లుతారు. సాయంత్రమే ఎందుకు? వేపలోని అజాడిరక్టిన్ ఎండకు విరిగిపోతుంది గనుక. సబ్బు ఎందుకు? కషాయం ఆకుకు బాగా పట్టాలి గనుక. ఇదంతా రసాయన శాస్త్రమే. దీనికి భిన్నంగా ఎండోసల్ఫాన్ నేలలో చాలాకాలం నిలిచి వుండే మందు. 2011లో సుప్రీంకోర్టు దాన్ని నిలిపివేసే నాటికి ఎన్నో చేలల్లో పడింది.

ఫ్యాక్టరీలకూ ఇదే సూత్రం వర్తిస్తుంది. సారపాకలోని కాగితం మిల్లు సంగతే చూడండి. గుజ్జును తెల్లగా చేయడానికి క్లోరిన్ వాయువు వాడితే, కర్రలోని లిగ్నిన్‌తో కలిసి విష పదార్థాలు పుడతాయి. 2002 నుండి అక్కడ క్లోరిన్ వాయువు లేని పద్ధతి వచ్చింది. పక్కనే గోదావరి పారుతున్నందున ఈ మార్పు విలువ అందరికీ తెలియాలి.

ఇంత చక్కని ఉదాహరణలు కళ్లెదుట వుండగా చదువు వెనక్కి నడవడం శోచనీయం. పదకొండో తరగతి పుస్తకంలో కాగితం తెల్లబరచడాన్ని కూడా వివరించిన పర్యావరణ రసాయన శాస్త్ర పాఠాన్ని ఎన్‌సిఇఆర్‌టి 2022లో భారం తగ్గించే పేరుతో తీసివేసింది. ఇక ప్రయోగశాలలో లవణ విశ్లేషణకు సీసం, బేరియం లవణాలు వాడతారు. అమ్మోనియాను గుర్తించే నెస్లర్ కారకంలో పాదరసం వుంది. ప్రయోగం ముగిశాక ఆ నీళ్లు ఎటు పోతున్నాయి? సింకులో పోస్తే కాల్వకు, కాల్వ నుండి చెరువుకు చేరతాయి.

ప్రవేశ పరీక్షలో రాని పాఠం ఎవరు చెబుతారని కొందరు అంటారు. డాక్టరో ఇంజనీరో అయ్యేది కొందరే. తక్కినవారు చేను దున్నుతారు, ఫ్యాక్టరీలో పనికి పోతారు, మందుల దుకాణం పెడతారు. విషంతో రోజూ పని పడేది వారికే. అలాగని చెట్టు నుండి వచ్చిందల్లా మంచిదని నేర్పడమూ పొరపాటే. ఉమ్మెత్త కాయ కూడా చెట్టుదే. ఏది ఎంత మోతాదులో హాని చేస్తుందో కొలిచి చెప్పేదే శాస్త్రం.

దీనికి పెద్ద ఖర్చు అక్కరలేదు. పరీక్షనాళికలో మిల్లీలీటర్లకు బదులు చుక్కలతో ప్రయోగాలు చేయించవచ్చు. సీసం, పాదరసం కలిసిన నీళ్లను విడిగా జాడీలో పోయించవచ్చు. ఏజెన్సీ పిల్లలు అడవిలో ఏరే ఇప్ప గింజల నూనెతో సబ్బు చేయించవచ్చు. పసుపు కాగితంతో క్షారాన్ని గుర్తింపజేయవచ్చు. ఏడాదికొకసారి పునుకుల రైతుల దగ్గరకు తీసుకుపోవచ్చు.

ఇంటర్మీడియట్ బోర్డు ఈ పనులకు ప్రాక్టికల్స్‌లో మార్కులు కేటాయించాలి. మార్కులుంటేనే కాలేజీలు కదులుతాయి. ఖమ్మం, భద్రాద్రి కొత్తగూడెం జిల్లాల అధికారులు, అధ్యాపకులు అంతవరకు ఆగకుండా తమ కాలేజీలలో మొదలుపెట్టాలి. ఈ యేడు ఇంటర్‌లో చేరిన పిల్లవాడు వచ్చే పత్తి కాలానికి తండ్రి అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పగలగాలి.